తడిచీర ఆమెకు స్కానింగ్ చీటీ

రేగొండ మండలం,
1-11-2025

మహబూబాబాద్ స్త్రీల దవాఖానలో స్కానింగ్ గది చూసుకునే వారికి, కనకలక్ష్మి ఎవరితోనూ రాయించకుండా సొంత చేత్తో రాసేది.

మా కోడలు ఉమారాణికి ఆగస్టులో మీ దగ్గరే మొదటి కాన్పు అయింది. ఆడపిల్ల. ఆమె తల్లిగారిది తొర్రూరు. మొదటి కాన్పు తల్లిగారి పని కాబట్టి దవాఖాన కూడా వాళ్లే చూసుకున్నారు, అందులో నేను వేలు పెట్టలేదు. మూడో నెల పడ్డాక మొన్ననే తల్లీపిల్లలను మా ఇంటికి తెచ్చుకున్నాం. సంచి విప్పితే పిల్ల గౌన్ల కింద మీ కవరు కనబడింది. కాన్పు అయిన నలభై రోజులకు ఆమెకు స్కానింగ్ తీసినట్టు అందులో ఒక నల్ల కాగితం, డిసెంబరులో మళ్లీ రమ్మని ఒక చీటీ ఉన్నాయి.

నాకు ఒక్క మాట సూటిగా చెప్పండి. పిల్ల బయటికి వచ్చాక లోపల ఇంకేం చూస్తున్నారు? కడుపుతో ఉన్నప్పుడు చూశారంటే అర్థం ఉంది. ఖాళీ చేసిన ఇంటికి మళ్లీ మళ్లీ వచ్చి తలుపు తీసి చూసేది, ఏదో మరచిపోయినవాళ్లే. మీరేం మరచిపోయారు? దూదా, కత్తెరా, లేక రెండో పిల్లా? మా ఆయన రాజలింగు రెండో పిల్లే అంటున్నాడు.

ఫోన్ చేసి అడగొచ్చు కదా అంటారేమో. మా ఆయనకు చెవులు సరిగా వినబడవు. ఆయన కోసం మా ఇద్దరికీ ఉన్న ఒక్క ఫోన్ ఎప్పుడు మోగినా స్పీకర్‌లో పెడతారు, వాడకట్టు మొత్తం వింటుంది. ఇది వాడకట్టుతో కలిసి వినే మాట కాదు. అందుకే ఉత్తరం.

ఇట్లు,
జవాబు వచ్చేదాకా ఊరుకోని
కనకలక్ష్మి

తా.క. పాప రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి పెరటి తలుపు వైపు చూసి నవ్వుతుంది. ఒకరోజు ఇంట్లో ఉన్న మా ఆయన వెళ్లి చూస్తే అక్కడ ఎవరూ లేరట. ఇది కూడా మీ దవాఖాన వల్లనేనా?

*

మహబూబాబాద్,
5-11-2025

పెద్దవారు కనకలక్ష్మి గారికి, స్కానింగ్ గది స్టాఫ్ నర్సు అఖిల నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మా దవాఖానకు కరెంటు బిల్లు తప్ప వేరే పోస్టు వచ్చి రెండేళ్లయింది. అందరం చుట్టూ చేరి చూశాం కానీ చదివింది నేనూ డాక్టరమ్మా మాత్రమే. జవాబు నన్నే రాయమన్నారు.

ముందుగా ఉమారాణికి ఫోన్ చేసి, మీకు వివరం చెప్పవచ్చా అని అడిగాను. ఆమె, "మీరే చెప్పుండ్రి సిస్టర్. అత్తమ్మకు చెప్పాలంటే నాకు నోరు రాదు" అన్నది. అందుకే రాస్తున్నాను. ఇది మీ ఒక్కరి కోసమే.

లోపల ఏమీ మరచిపోలేదు. బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు కాన్పు దారి దగ్గర చాలామందికి కొంత చినుగుతుంది. ఎక్కువమందికి అది చర్మం వరకే. ఉమారాణికి మలద్వారం చుట్టూ ఉండే కండరం దాకా చినిగింది. వెంటనే కుట్లు వేశారు. పైన చర్మం చక్కగా మానింది కానీ లోపల కండరం కలిసిందో లేదో కంటితో చెప్పలేం, స్కానింగ్‌లో తెలుస్తుంది. ఆ కండరం కుండ కింద పెట్టే చుట్టకుదురు లాంటిది. చుట్టంతా పూర్తిగా ఉంటేనే కుండ ఒరగకుండా నిలుస్తుంది. ఉమారాణి చుట్టకుదురులో ఒక పక్క చిన్న సందు కనబడింది. దానికి కొన్ని వ్యాయామాలు చెప్పాం. డిసెంబరులో మళ్లీ చూసి, ఆ సందు వల్ల ఇబ్బంది తగ్గకపోతే ఏం చేయాలో డాక్టరమ్మ చెబుతారు. సూది లేదు, కోత లేదు. యంత్రాన్ని బయటి నుంచే ఆనించి చూస్తారు. పది నిమిషాల పని.

ఇట్లాంటి సందు ఉన్నవాళ్లకు గాలి ఆగదు, ఒక్కోసారి విరేచనం కూడా ఆగదు. గుడ్డలు పాడవుతాయి. సిగ్గుతో ఎవరికీ చెప్పుకోరు. దయచేసి ఆమెను డిసెంబరు పదకొండున తీసుకురండి.

మీ కోడలి మేలు కోరే,
అఖిల

తా.క. రెండో పిల్ల లేదని రాజలింగు గారికి గట్టిగా చెప్పండి. స్పీకర్‌లో మాత్రం వద్దు.

*

రేగొండ మండలం,
10-11-2025

స్టాఫ్ నర్సు అఖిలకు కనకలక్ష్మి దీవెనలు. నీ చేతిరాత చూస్తే చిన్నపిల్లవని తెలిసింది కాబట్టి ఇకనుంచి నువ్వు అనే అంటాను.

నీ ఉత్తరం అందేలోపే ఇక్కడ పని చెడింది. మా ఆయన ఆ నల్ల కాగితాన్ని జేబులో పెట్టుకుని చాయ్ హోటల్ దగ్గరికి తీసుకెళ్లాడు. రెండో పిల్ల ఎక్కడుందో నలుగురూ కలిసి వెతుకుదామని. పిల్ల ఎవరికీ దొరకలేదు. ఒక కన్ను దొరికింది.

అవును, కన్నే. నేనూ చూశాను. నల్లటి కాగితంలో గుండ్రంగా, మధ్యలో నక్షత్రంలా ముడుచుకున్న గుడ్డు, దాని చుట్టూ నల్ల వలయం, ఆ వలయం చుట్టూ తెల్లటి రెప్ప. రెప్ప పైభాగాన కొంచెం చినిగింది. కాగితాన్ని ఎటు తిప్పినా అది చూసేవాళ్లనే చూస్తుంది. కాగితం కింద ఇంగ్లీషులో రాసింది మా అబ్బాయి కరుణాకర్ చదివాడు. పదకొండు గంటల నుంచి ఒంటిగంట దాకా సందు ఉందని రాశారట. అది విన్నాక హోటల్లో ఎవరూ చాయ్ తాగలేదు.

ఎందుకో నీకు తెలియదు, చెబుతాను. మా పెరట్లో నీళ్ల గోలెం దగ్గర ఒక బండ ఉంది. ముప్పై ఆరేళ్లుగా మిట్టమధ్యాహ్నం ఆ బండ మీద ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు వస్తుంది. మగవాళ్లు పొలం మీద ఉండి, ఆడవాళ్లు నడుం వాల్చే వేళ. లేచి వెళితే ఎవరూ ఉండరు. బండ తడిగా ఉంటుంది. కంప మీద ఒక పాత చీర ముక్క నీళ్లు కారుతూ ఉంటుంది. పొద్దు వాలేసరికి అదీ ఉండదు. ఊళ్లో తడిచీర ఆమె అంటారు. ఆమెను చూసినవాళ్లు లేరు, విన్నవాళ్లే. పదకొండు నుంచి ఒంటిగంట దాకా మా పెరట్లోకి పక్కింటివాళ్లు కోడి తప్పిపోయినా రారు.

ఇప్పుడు ఆమె కన్ను మా కోడలి లోపల కనబడిందని ఊరు ఊరంతా అంటోంది. ఈ పరిస్థితుల్లో ఆమెను మళ్లీ స్కానింగ్‌కు ఎట్లా పంపను?

ఇట్లు,
ఇరవై ఏళ్లు మహిళా సంఘం నడిపినా ఊరి నోరు ఆపలేకపోయిన
కనకలక్ష్మి

తా.క. ఊరికే అడుగుతున్నాను. మీ యంత్రానికి ఎంత పాత చినుగు దాకా కనబడుతుంది? నలభై రోజులదేనా? ఇంకా పాతదైతే అచ్చు చెరిగిపోతుందా? ఇక్కడ ఒకరు పందెం వేశారు.

*

మహబూబాబాద్,
14-11-2025

కనకలక్ష్మమ్మ గారికి అఖిల నమస్కరించి రాసేది.

మీ ఉత్తరం మధ్యాహ్నం తిండి వేళ చదివాను. డబ్బా మూత పెట్టేశాను.

అమ్మా, అది కన్ను కాదు. కండరాన్ని అడ్డంగా చూస్తే అట్లాగే కనబడుతుంది. మధ్యలో నక్షత్రంలా ఉన్నది లోపలి పొర. నల్ల వలయం లోపలి కండరం, తెల్ల రెప్ప బయటి కండరం. రోజుకు మూడు నాలుగు చూస్తాను. ఏ ఒక్కటీ నన్ను తిరిగి చూడలేదు. ఇక పదకొండు నుంచి ఒంటిగంట అన్నది వేళ కాదు. గుండ్రటి దానిలో సందు ఎక్కడుందో చెప్పడానికి గడియారం ముఖాన్ని లెక్కగా పెట్టుకుంటాం. పైన ఉంటే పన్నెండు, కింద ఉంటే ఆరు. సందు కింద ఉండి ఉంటే మీ ఊరివాళ్లు పొద్దున ఆరింటికి భయపడేవాళ్లేమో.

ఒక మనిషి శరీరం లోపలి బొమ్మను చాయ్ హోటల్లో చూపించడం మాత్రం తప్పు. ఆ కాగితం రాజలింగు గారి జేబులోంచి తీసి ఉమారాణి చేతికివ్వండి. ఆమె ఫోన్‌లో ఏడుస్తోంది.

మీ పందెం సంగతి. అచ్చు చెరగదు. చినిగినప్పుడు సరిగా కలవని కండరం ముప్పై, నలభై ఏళ్లయినా ఆ సందుతోనే కనబడుతుంది. యంత్రం ఏ సంవత్సరం అని అడగదు. అంత పాతదానికి కూడా చేయగలిగింది ఉంటుంది. వ్యాయామం, తిండిలో మార్పులు, కొందరికి ఆపరేషన్. పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేం కానీ చాలామందికి తగ్గుతుంది. పందెం ఎవరు గెలిచారో రాయండి.

ఉంటాను,
అఖిల

తా.క. దయ్యాల మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. నిన్న గురువారం మధ్యాహ్నం మా వరండాలో చివరి బెంచీ మీద ఒక పెద్దామె కూర్చుంది. కొంగు ముఖం మీదికి లాక్కుంది, ఒళ్లో గుడ్డసంచి, కాళ్లకు రబ్బరు చెప్పులు. మిగతా బెంచీలు ఖాళీగా ఉన్నా చాలాసేపు నిలబడి, అందరూ వెళ్లాక కూర్చుంది. చీటీ ఉందా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. గోడ మీద అంటించిన కాన్పు బొమ్మనే చూస్తోంది. ఒంటిగంటకు లేదు. ఆమె కూర్చున్న చోట బెంచీ తడిగా ఉంది. మీ తడిచీర ఆమె ఇటు వచ్చిందేమో, ఇంట్లో ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

*

రేగొండ మండలం,
18-11-2025

అఖిలకు కనకలక్ష్మి రాసేది.

నీ వేళాకోళం అందింది. ఇక్కడ వేళాకోళం చేసే స్థితిలో ఎవరూ లేరు.

ముప్పై ఆరేళ్లలో కంప మీద ఎప్పుడూ ఒక్కటే చీర ముక్క ఉండేది. శుక్రవారం రెండు ఉన్నాయి. ఒకటి ఎప్పటిలాగే పాత నేత చీరది. రెండోది పువ్వుల నైటీని చించినది. పక్కపక్కనే, ఒక దాని నీళ్లు ఒక దాని మీద పడుతూ. మా ఆయన మోటారు చెడిపోయి పొలం నుంచి ముందే వచ్చి చూశాడు. చూసి, కేక కూడా వేయకుండా అరుగు మీద కూర్చుండిపోయాడు. ఆ పువ్వుల నైటీ ఎవరిదో మా ఇంట్లో అందరికీ తెలుసు.

తడిచీర ఆమెకు తోడు దొరికిందని, కోడలిని మెల్లగా తన వైపు లాక్కుంటోందని ఊరు తేల్చేసింది. ఉమారాణి బువ్వ సగం తిని లేస్తోంది. పాపను ఒడిలో పెట్టుకోమంటే నిలబడే ఊపుతోంది. ఎవరైనా దగ్గరికి వస్తే పక్కకు జరుగుతోంది. ఇవన్నీ గాలి పట్టిన లక్షణాలేనని మా ఆయన దయ్యాలు దింపే హన్మంత్‌ను పిలిపించాడు. అతను నల్ల కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి, "కన్ను మూతవడాలె. లేకుంటే పాపను గూడ సూస్తది" అన్నాడు.

జనగామలో నా పెద్దబిడ్డ అత్తవారిల్లు ఉంది. పెళ్లై పదిహేనేళ్లయినా నేను అక్కడ ఒక్క పూట నిద్ర చేయలేదు. గర్విష్ఠిదాన్నని వియ్యపురాలు అంటుంది. అట్లా ఊరందరి ముందు తల ఎగరేసి తిరిగిన నేను, హన్మంత్ ముందు నోరు మూసుకుని కూర్చున్నాను.

ఇట్లు,
కనకలక్ష్మి

తా.క. బెంచీ తుడిచినవాళ్లు ఆ పెద్దామెను తిట్టారా?

*

మహబూబాబాద్,
28-11-2025

కనకలక్ష్మమ్మ గారికి అఖిల రాసేది.

ఆలస్యానికి క్షమించండి. మొదట మీ ఇంటి సంగతి. ఆ నైటీ ముక్క దయ్యం పెట్టింది కాదు, ఉమారాణి పెట్టింది. ఆమెనే అడిగాను. విరేచనం ఆగక గుడ్డ పెట్టుకుంటోంది. ఆ వేళకు పెరట్లోకి ఎవరూ రారని తెలిసి అక్కడ ఉతుక్కుంటోంది. ఆమె నిలబడే పిల్లను ఊపుతున్నదీ, దూరం జరుగుతున్నదీ ఇందుకే. గాలి పట్టలేదమ్మా, గాలి ఆగడం లేదు. హన్మంత్‌ను పంపించేయండి. నేత చీర ముక్క సంగతి మాత్రం ఆమెకు తెలియదట. తను వెళ్లేసరికే అది అక్కడ ఉంటోందట, ఇంకా వెచ్చగా. ఆ మాట విన్నప్పటి నుంచి నాకూ బాగాలేదు.

ఎందుకంటే ఇక్కడ ఆమె మళ్లీ వచ్చింది. ఇరవయ్యో తేదీ గురువారం, అదే వేళకు, అదే చివరి బెంచీ. నేను దగ్గరికి వెళ్లాను. ముఖం ఎత్తకుండా ఒక్కటే అడిగింది. "యంత్రం సప్పుడు చేస్తదా?" చేయదన్నాను. తల ఊపింది. అటు ఫోన్ మోగితే వెళ్లి వచ్చేసరికి లేదు. నిన్న గురువారం మూడోసారి. ఈసారి, "గది చీకటిగుంటదా?" అని అడిగింది. లైటు తగ్గిస్తామన్నాను. "తలుపేస్తరా?" వేస్తామన్నాను. నేను చీటీ పుస్తకం తెచ్చేలోపు బెంచీ ఖాళీ. తడి మాత్రం ఉంది, కుంకుడు రసం వాసన వేస్తూ.

మా వార్డు అటెండర్ పౌలు అన్న ఎవరినీ తిట్టడు. కానీ ఆయన ఆ బెంచీని ఇప్పుడు కర్రకు గుడ్డ కట్టి దూరం నుంచి తుడుస్తున్నాడు. మొన్న స్కానింగ్ యంత్రానికి నిమ్మకాయ కట్టాడు. డాక్టరమ్మ కోప్పడి విప్పించారు. నేను డిగ్రీ చదివాను, మా తండాలో దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వేదాన్ని. గురువారం వస్తోందంటే ఇప్పుడు నేనూ వరండా వైపు ఒంటరిగా వెళ్లడం లేదు.

అమ్మా, ఏది ఎట్లా ఉన్నా ఉమారాణిని పదకొండున పంపించండి.

మీ,
అఖిల

తా.క. విప్పిన నిమ్మకాయ ఎవరు తీసుకెళ్లారో తెలియదు. డాక్టరమ్మ టేబుల్ సొరుగులో నిమ్మకాయ వాసన వస్తోంది.

*

రేగొండ మండలం,
2-12-2025

అఖిలకు,

ఎల్లుండి గురువారం మిట్టమధ్యాహ్నం మా పెరట్లో ముహూర్తం పెట్టారు. ఉమారాణిని ఆ బండ మీదే కూర్చోబెడతారట. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ఇవ్వొద్దన్నాడు హన్మంత్. పాలిచ్చే తల్లి అని చెప్పాను. పాలు తాగేది పాప కాదు, తడిచీర ఆమే అన్నాడు. వేపమండలు, మిరపకాయల పొగ, చింతబరికె సిద్ధం చేశారు. కరుణాకర్ బొగ్గు గని పనికి సెలవు పెట్టాడు. వాడు చదువుకున్నవాడే, కానీ పాప మీదికి వస్తుందన్న మాట వాణ్ని మెత్తబరిచింది.

ఆపమని నాకు రాస్తున్నావు. నీకు తెలియదు బిడ్డా. తడిచీర ఆమె లేదని ఈ ఊళ్లో అందరూ చెప్పొచ్చు, నేను చెప్పలేను. ఆమె ఉందని మొదట చెప్పిందే నేను.

కనకలక్ష్మి

తా.క. ఆ పెద్దామె మళ్లీ వస్తే, అడిగినవాటికి మంచిగా జవాబు చెప్పినందుకు సంతోషపడిందని అనుకో.

*

మహబూబాబాద్,
5-12-2025

కనకలక్ష్మమ్మ గారికి,

మీ ఉత్తరం ఈ రోజే చేరింది. నిన్ననే అంతా అయిపోయి ఉంటుంది. ఉమారాణి ఫోన్ ఎత్తడం లేదు, కరుణాకర్ ఫోన్ కూడా. చింతబరికె అన్న మాట చదివి డాక్టరమ్మ మీ మండలంలోని ఆశా కార్యకర్తకు ఫోన్ చేశారు. ఆమె వెళ్లి చూసి, అందరూ క్షేమం అని మాత్రం చెప్పింది. ఆ మాట చెబుతూ ఎందుకో నవ్విందట. దయచేసి ఏం జరిగిందో వెంటనే రాయండి.

నిజం చెబుతాను, కోప్పడకండి. మూడో గురువారం తర్వాత నాకొక అనుమానం వచ్చింది. ఆ పెద్దామె మీరేనేమో అని. మీ ఉత్తరాల్లోని ప్రశ్నలకూ ఆమె ప్రశ్నలకూ ఏదో పోలిక కనబడింది. కానీ నా అనుమానం తప్పని నిన్న తేలింది. నిన్న మీ పెరట్లో ముహూర్తం జరుగుతున్న వేళకే ఆమె నాలుగోసారి ఇక్కడికి వచ్చింది.

నేను లోపల స్కానింగ్‌లో ఉన్నాను. బయటికి వచ్చేసరికి ఆమె గుమ్మం దాటుతోంది. వెనక నుంచి చూశాను. చీర కింది అంచు తడిసి మడమలకు అంటుకుంది. ఈసారి కాళ్లకు చెప్పుల్లేవు. పిలిచాను, ఆగలేదు. పరుగెత్తి గేటు దాకా వెళ్లాను. రోడ్డు మీద ఎండ తప్ప ఎవరూ లేరు. వెనక్కి వస్తే చివరి బెంచీ తడిగా ఉంది.

మీరు అక్కడ ఉండగా ఇక్కడ కూర్చున్నది ఎవరు?

అఖిల

తా.క. నిమ్మకాయ తిరిగి కట్టారు. ఈసారి డాక్టరమ్మే.

*

రేగొండ మండలం,
8-12-2025

నా బిడ్డ లాంటి అఖిలకు కనకలక్ష్మి మనసారా దీవించి రాసేది.

ఉమారాణి బాగుంది. పాప బాగుంది. పక్కనే కూర్చుని ఈ ఉత్తరంలో నేనేం రాస్తున్నానో చూస్తోంది, కోడలు.

ముహూర్తానికి ఊరు సగం మా పెరట్లో నిలబడింది. ఉమారాణిని బండ మీద కూర్చోబెట్టారు. మిరపకాయల పొగకు ఆమె దగ్గింది. దగ్గేసరికి పాపం ఆగలేదు, చీర తడిసింది. హన్మంత్ అది చూపించి, తడిచీర ఆమె దిగివచ్చిందని అరిచి బరికె ఎత్తాడు. ఉమారాణి ముఖం రెండు చేతులతో మూసుకుంది. ఆ చేతులు చూశాక నాకు కూర్చోవడం చేతకాలేదు. వెళ్లి బరికె పట్టుకున్నాను. "ఆ పిల్లను కొట్టకు. తడిచీర నాది. ముప్పై ఆరేండ్ల సంది నాదే" అన్నాను.

అన్నీ చెప్పాను, ఆ ఎండలో, అందరి ముందూ. పెద్దబిడ్డ పుట్టిన కాన్పు నాకు ఇంట్లోనే అయిందని, కిందంతా చినిగిందని, మంత్రసాని పసుపు అద్ది మానుతుందంటే నమ్మానని. పైన మానింది. లోపల మానలేదు. ఆగేది కాదు. మధ్యాహ్నం పూట ఉతుక్కునేదాన్ని. ఒకరోజు మా అత్త చప్పుడు విని ఎవరని అడిగితే, నేనూ విన్నాను, ఎవరూ లేరు, నాకు భయమేస్తోంది అన్నాను. అంతే. ఆ ఒక్క అబద్ధం నాకు రెండు గంటల పెరడు సంపాదించి పెట్టింది. జనగామలో బిడ్డ ఇంట్లో పడుకోనిది గర్వంతో కాదు, పక్క తడుస్తుందని. పాప నవ్వింది దయ్యాన్ని చూసి కాదు, నాయనమ్మను చూసి.

అంతా విని ఊరు ఏమందో తెలుసా? తడిచీర ఆమె కోడలిని వదిలి అత్త మీదికి వచ్చిందంది. ఒక్కరూ నమ్మలేదు. హన్మంత్ నా కాళ్ల ముందు కొబ్బరికాయ కొట్టాడు. నా పేరు కనకలక్ష్మి అంటే, అట్లనే అంటవు తల్లీ అన్నాడు. ఒకామె తప్పిపోయిన బర్రె ఎటు పోయిందని అడిగింది. నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. అప్పుడు బండ మీది నుంచి ఉమారాణి నా చెయ్యి పట్టుకుంది. "అత్తమ్మా, నాకూ గంతే" అన్నది. ముప్పై ఆరేళ్లలో నాతో ఆ మాట అన్న మొదటి మనిషి ఆమె.

ఆ చెయ్యి పట్టుకున్నాక నాకు ధైర్యం వచ్చింది. సరే, దయ్యాన్నే అనుకుంటే దయ్యాన్నే అనుకున్నాను. "నేను ఈ ఇల్లు ఇడిశి పోవాలంటే అత్తనూ కోడలినీ పదకొండో తారీఖు మహబూబాబాదు దవాఖానల యంత్రం ముందు పండవెట్టాలె. బండి కిరాయికి తేవాలె. సీటు మీద నా ఇష్టమొచ్చినట్టు గుడ్డలు పరుస్త, ఎవ్వలు అడగొద్దు" అన్నాను. ఇన్నేళ్లు పెళ్లాంగా చెప్పిన మాట ఒక్కటి వినని మా ఆయన రెండు చేతులూ జోడించాడు. స్పీకర్ లేకుండానే అంతా వినబడింది. కారు మాట్లాడారు. హన్మంత్ కూడా వస్తాడట, దయ్యం ఎట్లా పోతుందో చూడటానికి. బయటే ఉంచు.

మొదటి ఉత్తరం నుంచీ నీతో అడగాలనుకున్నది ఒక్కటే. ఆ ఒక్క మాట రాయలేక కత్తెర, రెండో పిల్ల అని ఏదేదో రాశాను. కవరు తెరిచిన రోజే, కోడలు నడిచే తీరు చూసే నాకు తెలిసింది. అయినా నోరు విప్పలేదు. నేను దాచుకున్న పెరట్లోకే ఆమెనూ రానిచ్చాను. ఈ తప్పు నాది. ఆమె చిన్నది, ఇంకా ఆలస్యం కాలేదు. ముందు ఆమెను చూడండి. తర్వాత టైముంటే నన్ను.

వచ్చే గురువారం ముఖం మీద కొంగు లేకుండా వచ్చే,
కనకలక్ష్మి

తా.క. 1. మొక్కు ఉందని ఇంట్లో చెప్పి గురువారాలు వచ్చాను. హన్మకొండ దాకా, అక్కడి నుంచి మీ ఊరి దాకా సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చాను. కండక్టరమ్మ ఆధార్ చూసి ఆడవాళ్లకిచ్చే సున్నా పైసల టికెట్ కొట్టింది. దయ్యాలకు ఆధార్ ఉంటుందని మీ పౌలుకు చెప్పు.

తా.క. 2. నీ అనుమానం నిజమే బిడ్డా, సగం. నేను వచ్చింది మూడు గురువారాలే. నాలుగో గురువారం నేను ఈ బండ దగ్గర ఉన్నాను, ఊరు ఊరంతా సాక్ష్యం. నేను ఎప్పుడూ చెప్పులు విడవలేదు. ఆ నాలుగో ఆమె ఎవరో నాకు తెలియదు. కానీ ఆమె ఎందుకు వచ్చిందో తెలుసు. మళ్లీ వస్తుంది. ఈసారి వెంటపడకు, పేరు అడగకు. నిమ్మకాయ విప్పించు. చీటీ రాసి, పేరు దగ్గర ఖాళీ వదిలి, ఆ బెంచీ మీద పెట్టి ఉంచు.